నున్నగుట్ట తెల్లబడిన సోమారం

సోమారం నాడు మంగళవాడలో ఏ ఎద్దు మెడ మీదా కాడి పడదు. అది బసవన్న దినం. నాగళ్లు గోడకానుకొని నిద్రపోతాయి, మగవాళ్లు అరుగుల మీద కూర్చొని మీసాలు దువ్వుకుంటారు. ఆడవాళ్లకు మాత్రం ఏ దేవుడూ అట్లాంటి దినం రాసియ్యలే. పొయ్యికి సోమారమూ లేదు, శనివారమూ లేదు. అందుకే మైసూరు మహారాజుల కాలంలో, ఒక ఎండాకాలం సోమారం పొద్దున్నే, ముగ్గురు ఆడవాళ్లు పొయ్యిలో కట్టెలు ఆర్పేసి, సంకటి ముద్దలు మూట గట్టుకొని, "నున్నగుట్టకు జారేదానికి పోతాండాం" అని ఊరు దాటినారంటే, అరుగుల మీద మీసాలన్నీ దువ్వేది మానేసి అట్లే నిలబడిపోయినాయి.

ఆ ముగ్గురిలో నడిమి మనిషి సుబ్బక్క. నడిమి మనిషి అనేది వయసుకు కాదు, నడకకు. ఆమె ఎప్పుడూ ఇద్దరి నడుమనే నడుస్తాది. ఆరేండ్లప్పుడు అమ్మవారు పోసి, ప్రాణం మిగిల్చి కండ్లు తీసుకపోయింది. ఇప్పుడు పద్దెనిమిదేండ్లు. ఇంట్లో ఆమె పని చూస్తే ఆమెకు చూపు లేదని ఎవురూ అనరు. రాగులు విసురుతాది, పప్పులో రాయి ఏరుతాది, ఉట్టి మీద పెరుగు ఎంత తగ్గిందో చేత్తో తట్టి చెప్తాది. నోరు మాత్రం కొడవలి. గడప దాటితే చాలు, ఆ చెయ్యి వేరేవాళ్ల చేతిలోకి పోవాల్సిందే. అమ్మ చెయ్యి, అన్న చెయ్యి, పక్కింటోళ్ల చెయ్యి. పరుగెత్తేది అనే మాటను ఆమె కాళ్లు ఆరేండ్లప్పుడే మరిచిపోయినాయి.

ఎడమ పక్క సుంకమ్మ. సుబ్బక్క ఈడుదే, చిన్నప్పటి జత. తిరుమణికి ఇచ్చినారు, ఎండాకాలం కదా అని పుట్టింటికి వచ్చి ఉండాది. కుడి పక్క బోరమ్మ. పక్కింటి కోడలు, సుబ్బక్కకు వరసకు వదిన. ముప్పై ఏండ్ల మనిషి, ఒళ్లు కాస్త నిండుగా ఉంటాది, భయం ఇంకా నిండుగా ఉంటాది. పిల్లి అడ్డమొస్తే ఇంట్లోకి పోయి నీళ్లు తాగి మళ్లా బయల్దేరే రకం.

పోయిన ఏడు కూడా వాళ్లు నున్నగుట్టకు పోయినారు. అప్పుడు బోరమ్మ సుబ్బక్కను ఒళ్లో కూర్చోబెట్టుకొని, రెండు చేతులా నడుము పట్టుకొని, కాళ్లు బండకు తన్నుకుంటా తన్నుకుంటా మెల్లగా దిగింది. "అది జారినట్లు కాదు వదినా, బండి మీద నుంచి మూట దించినట్లు" అని సుబ్బక్క ఏడాది పొడుగునా దెప్పింది. ఈసారి ఆమెకు ఒకటే పట్టు. ఒక్కతే జారాల. ఎవురి చెయ్యీ లేకుండా, పై నుంచి కింది దాకా, ఒక్కసారి.

ఆ పట్టు సంగతి సుబ్బక్క అమ్మ రంగక్కకు తెలుసు. అందుకే తెల్లవారకముందే దీపం ముట్టించి, దాని మీద బోరమ్మ చెయ్యి పెట్టించింది. "బోరమ్మా, గుట్ట మీద నా బిడ్డ చెయ్యి ఇడిచిపెట్టనని చెప్పు." బోరమ్మ చెప్పింది. లోపల జడ అల్లుకుంటాండే సుబ్బక్క ఆ మాట ఇన్నాది, పండ్లు కొరుక్కున్నాది.

దారిలో మొదట ఆగింది బోరమ్మ వాళ్ల బావి దగ్గర. జారేదానికి తోలు కావాల కదా. బావికి కపిలె కట్టుంటారు. ఎద్దులు వాలు దిగుతా మోకు లాగితే, తోలుతో కుట్టిన పెద్ద బాన బావిలోంచి నీళ్లు మోసుకొని పైకొస్తాది. ఆ బాన పాతబడి చిరిగితే కుట్లు విప్పేసి పరిచి పెడతారు. ఎద్దు తోలు, చాపంత వెడల్పు. ఆ తోలు మీద కూర్చుంటే నున్నగుట్ట మీద నీళ్లలో చేప పోయినట్లు పోతారు. కొబ్బరి మట్ట మీద జారినోళ్లకు ఆ సుఖం తెలీదు.

బోరమ్మ మామ ఓబళప్ప బావిగట్టు మీద మోకు పేనుకుంటా ఉండాడు.

"యాడికి కోడలా, ముగ్గురూ మూడు దిక్కులు చూస్తా వస్తాండారు?"

"ముగ్గురం కాదు మామా, ఇద్దరమే చూస్తాండాం" అని సుంకమ్మ అనింది.

"మూడో దిక్కు నేను ఇంటాండా" అని సుబ్బక్క అంటించింది.

ముసలాయన నవ్వినాడు. "తోలు తీసుకపోండి. మళ్లా తెచ్చియ్యాల. దాంతో చెప్పులు కుట్టించుకోవాల నేను."

బోరమ్మ కొట్టంలోకి పోయింది. సోమారం కపిలె ఆడదు కాబట్టి ఆ దినమే తోళ్లకు కానుగ నూనె పట్టించేది వాళ్ల ఇంట్లో వాడిక. ఎండకు తోలు బిరుసెక్కకుండా. పెండ్లయిన దినం నుంచి ప్రతి సోమారం చేసే పని, చేతులకు అలవాటు. సుంకమ్మ బయట ఓబళప్పతో మాటలు కలుపుతా ఉంటే, బోరమ్మ చేతులు వాటంతట అవే నూనె ముంత వంచి కొత్త బానకు పూసినాయి, పాత తోలుకూ పూసినాయి. పూసి, చుట్టి, నెత్తిన పెట్టుకొని బయటికొచ్చింది. ఏమి చేసిందో ఆమె మనసుకు తెలీనే తెలీదు.

రెండోసారి ఆగింది దారి పక్క పుట్టమ్మ బొరుగుల భట్టీ దగ్గర. ఇసుక కాగిన వాసన, బొరుగులు చిటపటమనే చప్పుడు. సుబ్బక్కకు ఆ చప్పుడంటే ప్రాణం. పుట్టమ్మ వేడి వేడి బొరుగులు ఒళ్లో పోసి, ముగ్గురినీ కింద నుంచి మీది దాకా చూసింది.

"కండ్లు లేని పిల్లను జారుబండకు తోడుకపోతాండారా? మీకేమన్నా గాలి సోకిందా?"

"కండ్లున్నోళ్లు జారేటప్పుడు ఏమి చేస్తారు పెద్దమ్మా?" అని సుబ్బక్క అడిగింది.

"ఏమి చేస్తారు, భయంతో మూసుకుంటారు."

"నాకా శ్రమ లేదు."

పుట్టమ్మ నోరు ఇంకా తెరిచే ఉండాది, సుబ్బక్క అంతలో గుప్పెడు బొరుగులు నోట్లో పోసుకున్నాది.

మూడోసారి ఆగింది వంక గడ్డన, ఈత చెట్ల కింద. పండ్లు రాలి ఉండాయి. సుంకమ్మ ఏరి ఒక్కొక్కటే సుబ్బక్క చేతిలో పెడతా ఉంటే, సుబ్బక్క నమిలి గింజలు దూరంగా ఊస్తా, మెల్లగా ఎత్తుకున్నాది.

"బోరొదినా, గుట్ట మీద నన్ను ఒక్కదాన్ని ఇడుస్తావా?"

"ఇడవను."

"అడక్కముందే చెప్తావేంది?"

"అడిగినాక చెప్పినా అదే. దీపం మీద చెయ్యి పెట్టినా మే. నాకు ఇద్దరు పిల్లోళ్లు ఉండారు. ఒట్టు తప్పి వాళ్ల మీదికి తెచ్చుకోవాల్నా?"

"దీపం మీద చెయ్యి పెట్టింది నువ్వు. కట్టు నాకు పడింది."

సుంకమ్మ నడుమ దూరి, "పోనీ వదినా, గాడి నేరుగా పోతాది, కింద వంక ఇసుక. ఏడేండ్ల పిల్లోళ్లు జారతారు ఆడ" అనింది. నిజమే. నున్నగుట్ట మీద తాతల కాలం నుంచి జారి జారి, బండలో ఒక గాడి పడి ఉండాది. దాంట్లో కూర్చుంటే పక్కకు పొమ్మన్నా పోదు. చివర్న మోకాలి లోతు ఇసుక. అయినా బోరమ్మ తల అడ్డంగానే ఆడించింది. "ఒళ్లో అయితే సరే. లేకుంటే ఇంటికి పోదాం రాండి."

సుబ్బక్క మళ్లా అడగలే. కానీ ఆ పొద్దు నడకలో బోరమ్మ చేతిలో ఆమె చెయ్యి చచ్చిన చేపలాగ ఉండె.

గుట్ట ఎక్కేసరికి పొద్దు నడినెత్తి దాటింది. బండ కాలుతాండె. పాదాలు ఒక దాని మీద ఒకటి పెట్టుకుంటా ఎక్కినారు. పైన ఒక పెద్ద గుండు కింద నీడ ఉంటే ఆడ కూలబడి సంకటి తిన్నారు. తింటా ఉండంగానే గాలి నిలిచిపోయింది. సుబ్బక్కకు ముందు తెలిసింది. ముద్ద నోటి దగ్గర ఆపి, "మబ్బు పట్టింది" అనింది.

"యాడిది మే, ఎండ..." అని సుంకమ్మ తలెత్తి, నోరు మూసుకున్నాది. పావగడ దిక్కున నల్లగా, ఆవలికి కొంచెం పచ్చగా, ఒక మబ్బు గోడ మాదిరి లేసి వస్తాండె. అట్లాంటి పచ్చ రంగు ఆకాశంలో వాళ్లెప్పుడూ చూసినోళ్లు కాదు.

మొదటి రాయి పడింది. చింతగింజంత. బండ మీద టపీమని ఎగిరి, గంతులేస్తా పోయింది. తర్వాత ఇంకొకటి. ఆ తర్వాత లెక్క లేదు. ఆకాశం చేటతో చెరిగి పోసినట్లు వడగండ్లు! ముగ్గురూ గుండు కిందికి దూరి, మోకాళ్లు గడ్డాలకు ఆనించుకొని, ఒకరినొకరు కావలించుకున్నారు. ఆ చప్పుడు ఎట్లా చెప్పేది? వెయ్యి రోకండ్లు ఒక్క రోటిలో పడినట్లు. బోరమ్మ తెలిసిన దేవుండ్ల పేర్లన్నీ అయిపోగొట్టి, తెలీని దేవుండ్లను మొదలుపెట్టింది. మాట వినపడక, ఆమె పెదాలు ఆడేది సుబ్బక్కకు తన భుజం మీదనే తెలుస్తాండె.

పైర్లన్నీ కోసి ఇంటికి చేర్చుకున్న కాలం కాబట్టి సరిపోయింది గానీ, లేకుంటే ఆ దినం తాలూకా అంతా ఏడ్చుండేది.

ఎట్లా వచ్చిందో అట్లే ఆగిపోయింది. ఒక్క దెబ్బన. అప్పుడు వచ్చింది మౌనం. మామూలు మౌనం కాదు. సుబ్బక్కకు లోకం అంతా చప్పుడే. బండ మీద కాలు పెడితే బండ పలుకుతాది, గోడ దగ్గరికి పోతే గోడ పలుకుతాది, దాన్ని బట్టే ఆమెకు దారి. ఇప్పుడు గుట్ట ఏమీ పలకడంలే. ఎవురో గుట్ట నోటికి గుడ్డ కట్టినట్లు. ఆమె దగ్గినా, ఆ దగ్గు తిరిగి రాలే.

"ఏమైంది? చెప్పండే. యాడ పోయింది గుట్ట?"

ఇద్దరూ గుండు కింద నుంచి బయటికొచ్చి నిలబడిపోయినారు.

"సుంకీ! చెప్పవే!"

"తెల్లగా..." అనింది సుంకమ్మ. "ఉప్పు పోసినట్లు... కాదు మే. ఉప్పు కాదు. గొర్రెల మంద పండుకున్నట్లు... అదీ కాదు. గుట్ట లేదు సుబ్బీ. గుట్ట ఉండే చోట తెలుపు ఉండాది. దాని మీద నుంచి పొగ లేస్తాండాది."

కాలే బండ మీద చల్లటి రాళ్లు పడి, ఆవిరి లేస్తాండె. మబ్బు పక్కకు తొలగి ఎండ పడినాది. గుట్టంతా మెరిసి, ఆ మెరుపుకు కండ్లున్నోళ్లు కూడా చెయ్యి అడ్డం పెట్టుకోవాల్సి వచ్చింది. దిగువన ఊర్లు, చేన్లు, ఎర్రటి నేల అన్నీ మామూలుగానే ఉండాయి. ఈ ఒక్క గుట్టనే ఎవురో వేరే లోకం నుంచి తెచ్చి ఈడ పెట్టినట్లు. ఎప్పుడూ నోరు మూయని బోరమ్మ, కొంగు నెత్తి మీదికి లాక్కొని, రెండు చేతులూ జోడించింది. ఏ దేవునికని జోడించిందో ఆమెకే తెలీదు.

సుబ్బక్క వంగి తడిమింది. చేతి నిండా వచ్చినాయి. గుండ్రంగా, గట్టిగా, చల్లదనమే మంటలాగ. ఒకటి నాలుక మీద పెట్టుకుంటే పండ్లు జివ్వుమన్నాయి. పిడికిలి మూసి పట్టుకుంది, కాసేపటికి తెరిస్తే నీళ్లు తప్ప ఏమీ లేవు. ఉన్నది లేనట్లు అయిపోయింది, ఆమె చేతిలోనే. ఆరేండ్ల లోపల చూసినదాంట్లో ఆమెకు గుర్తుండే తెలుపు ఒకటే, పాలు పొంగేటప్పటి నురగ. ఇప్పుడు గుట్టంతా పొంగిన పాల కింద ఉండాదనుకున్నాది.

"ఇంక చాలు, పోదాం" అని బోరమ్మ తేరుకొని, సుబ్బక్క చెయ్యి గట్టిగా పట్టుకుంది. "కాళ్లు నిలవవు దీని మీద. జారేదీ లేదు, గీరేదీ లేదు. పక్క దారిన మెల్లగా దిగుదాం."

"వదినా" అనింది సుబ్బక్క. కదల్లే. "నువ్వు ఇది చూసినావు."

"చూసినా తల్లీ."

"చచ్చేదాకా మరిచిపోతావా?"

"యాడ మరిచిపోతా. నా మనవరాండ్లకు కూడా చెప్తా."

"నాకేమి మిగుల్తాది? రేపు మీరు చెప్పేది ఇంటా. పన్నెండేండ్లుగా ఇంటానే ఉండా. పెండ్లండ్లు ఇన్నా, జాతర్లు ఇన్నా, చంద్రుణ్ని ఇన్నా. నీకు కండ్లుండాయి, చూసినావు. నాకు ఒళ్లుండాది కదా వదినా. ఒంటితో చూడనియ్."

ఎండకు ఆడొకటి ఈడొకటి వడగండ్లు చిట్లే చప్పుడు. అంత చల్లదనంలో బోరమ్మ అరచెయ్యి చెమట పట్టింది. సుబ్బక్కకు తెలుస్తానే ఉండాది. ఆ చెయ్యి ఒకసారి బిగిసింది. మళ్లా బిగిసింది. తర్వాత ముందు చిటికిన వేలు వదులైంది. ఆ పైన ఒక్కొక్కటే.

"నా తల పగిలితే పగిలింది" అనింది బోరమ్మ, ఎవురితోనో మొండికేసినట్లు. "దీపానికి నేను చెప్పుకుంటా."

తోలు పరిచింది ఆమెనే. గాడిలో సరిగ్గా నడుమ, నున్నటి పక్క కిందికి. సుబ్బక్కను కూర్చోబెట్టి, తోలు ముందు అంచు మడిచి ఆమె చేతులకిచ్చి, కాళ్లు చాపించి, జడ రైకలోకి దోపి, ముక్కు చీదుకున్నాది. "గట్టిగా పట్టుకో. పక్కకు వాలొద్దు. ఇసుక తగిలేదాకా ఇడవొద్దు." వెనక్కి జరిగింది. నెట్టలే. ఆ పని సుబ్బక్కే చేసుకున్నాది. రెండు మడమలూ వడగండ్లలో దించి, ఒక్క తోపు.

అప్పుడు బోరమ్మ తన చేతులు చూసుకున్నాది. జిడ్డు. కానుగ వాసన.

"అయ్యో! పొద్దున్నే నూనె పూసింటినే తోలుకు!"

"ఏందీ?" అని సుంకమ్మ తిరిగి చూసేసరికి సుబ్బక్క ఆడ లేదు.

ఎద్దు తోలు, దానికి నూనె, దాని కింద ఉండ్రాళ్ల మాదిరి దొర్లే వడగండ్లు. ఆ గుట్ట పుట్టినప్పటి నుంచి అంత జోరుగా దాని మీద ఎవురూ జారుండరు. సుబ్బక్కకు మొదట కడుపు వెనకనే ఉండిపోయింది, ఒళ్లు మాత్రం పోయింది. గాలి మొగాన్ని రెండు చేతులా తోసింది. నోరు తెరిస్తే గాలి లోపలికే పోయింది గానీ కేక బయటికి రాలే. రెండు పక్కలా వడగండ్లు రెక్కల మాదిరి ఎగిరి చెంపల మీద, చేతుల మీద చిమ్ముతాండె. చల్లగా, ఆ వెనకే ఎండ వెచ్చగా, మళ్లా చల్లగా. కింద బండ గరగరమని పాడతాండె. ఆ పాట సన్నమై, ఇంకా సన్నమై, ఒక చోట అసలు లేకుండా పోయింది. నేల తగలని ఒక ఘడియ. ఏ చెయ్యీ లేదు, కింద బండా లేదు. లోకంలో తను ఒక్కతే ఉండాది, తను పోతానే ఉండాది. భయం ఉండాల్సిన చోట ఆమె వెతికింది. ఆడ ఏదో పెద్దది, తెల్లటిది కూర్చోనుండె. దానికి పేరు తెలీలే ఆమెకు.

ధబ్బుమని ఇసుక తగిలింది. ఇసుకలో కూడా చాలా దూరం దున్నుకుంటా పోయి, తోలు ఆగింది.

"సుబ్బీ...! సుబ్బక్కా...!"

పేరు ఎంతో దూరం నుంచి వచ్చింది. సన్నగా, ఆకాశంలోంచి వచ్చినట్లు. సుబ్బక్క అట్లే ఉండిపోయింది. తన పేరు అంత దూరం నుంచి ఆమె ఎన్నడూ ఇన్లే. ఎప్పుడూ చెవి పక్కనే పిలిచేవాళ్లు. తనకూ వాళ్లకూ నడుమ అంత జాగా ఉండాది, ఆ జాగా అంతా తనదే. పలకాలని తెలుసు, పైన ఆ ఇద్దరూ ఎట్లా అల్లాడిపోతాంటారో తెలుసు. అయినా ఇంకొక్క పిలుపు ఇందామని ఓర్చుకున్నాది. ఇంకొక్కటి. అప్పుడు, "ఓ..." అనింది గొంతెత్తి.

లేచి, తోలు చుట్టి చంకలో పెట్టుకొని, కాలితో తడిమింది. తోలు దున్నిన చోట వడగండ్లు రెండు పక్కలా గట్లు మాదిరి పడి, నడుమ తడి బండ ఉండాది. కుడి కాలికి గట్టు, ఎడమ కాలికి గట్టు. నడుమ బాట. తను వేసుకున్న బాట. ఎవురూ చూపించకుండానే ఆ బాట పట్టుకొని పైకి ఎక్కేది మొదలుపెట్టింది.

పైన బోరమ్మ ఆగలేకపోయింది. "పలికింది, కానీ కాలో చెయ్యో ఇరిగుంటాది" అని కొంగు బిగించి, పక్క దారి వద్దని నేరుగా గాడి గట్టునే దిగబోయింది. మొదటి అడుగు నిలిచింది. రెండోది నిలవలే. ఆ నిండు మనిషి ధడేలుమని కూలబడి, ఏ తోలూ లేకుండానే, చీరతో సహా, వడగండ్లను చీల్చుకుంటా, "నాయనోయ్!" అని గుట్ట అదిరేటట్లు అరుస్తా దిగిపోయింది.

సగం దూరం ఎక్కిన సుబ్బక్కకు ఏదో పక్కనుంచి జుమ్మని పోయినట్లైంది, మొగం మీద చల్లగా చిమ్మింది.

"ఎవురది పోయింది?"

"నేనే మే...!" అని మాట కింది నుంచి, ఇంకా కింది నుంచి వచ్చింది.

పైన సుంకమ్మ బండ మీద కూలబడి, పొట్ట పట్టుకొని, నవ్వు ఆపుకోలేక ఏడుస్తాండె. సుబ్బక్క వెనక్కి తిరిగి, కాళ్లతో గాడి చూసుకుంటా మళ్లా దిగింది. ఇసుకలో ఆయాసం ఇనపడిన దిక్కుకు పోయి చెయ్యి చాపింది. ఆ చెయ్యి పట్టుకొని బోరమ్మ లేచి కూర్చున్నాది. చీర వెనక చిరుగులు, జుట్టులో వడగండ్లు, మోచేతులు గీరుకొని. ఏమీ విరగలే. ఇద్దరూ పక్కపక్కన కూర్చున్నారు. గుట్ట మీద అప్పుడే నీళ్లు కారడం మొదలైంది. సన్నటి చప్పుడు వేయి చోట్ల నుంచి వస్తాండె.

"ఎట్లుండె వదినా?"

బోరమ్మ జుట్టులోంచి వడగండ్లు దులుపుకున్నాది. ఆమె ఒళ్లు ఇంకా వణుకుతాండె, కానీ అది భయం వణుకు కాదని సుబ్బక్కకు భుజానికి తెలుస్తాండె.

"ఏమి చెప్పేది మే. పై నుంచి కింది దాకా కండ్లు మూసుకొనే ఉండా. ఏమీ చూడలే."

"అయితే బాగానే చూసినావు పో" అనింది సుబ్బక్క.